ఆఫీసు ల్యాప్‌టాప్ తిరిగిచ్చిన రోజు: విండోస్ నుంచి మ్యాక్‌కి మారేముందు నేను వేసుకున్న లెక్క

2025 జూన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం, హైటెక్ సిటీలో మా ఆఫీసు ఐటీ డెస్క్ దగ్గర ల్యాప్‌టాప్, చార్జర్, ఐడీ కార్డు అప్పజెప్పి సంతకం పెట్టాను. ప్రాజెక్టు ఆగిపోయింది, దాంతోపాటు మా టీమ్‌లో సగం మందికి ఉద్యోగాలు పోయాయి. నాలుగేళ్లు భుజాన మోసిన బ్యాగు ఆ రోజు మెట్రోలో మరీ తేలిగ్గా అనిపించింది.

అసలు దెబ్బ రాత్రి తెలిసింది. తెలిసిన సీనియర్ ఒకాయన "రెజ్యూమే వెంటనే పంపు, రేపు పొద్దున ఫార్వర్డ్ చేస్తా" అని మెసేజ్ పెట్టాడు. రెజ్యూమే ఎక్కడుంది? ఆ ల్యాప్‌టాప్‌లో. పే స్లిప్పులు ఎక్కడున్నాయి? అందులోనే. వీకెండ్లలో రాసుకున్న చిన్న యాప్ కోడ్, ఇల్లు అద్దె అగ్రిమెంట్ స్కాన్, అమ్మ ఆపరేషన్ రిపోర్టులు... అన్నీ డెస్క్‌టాప్ మీద "పర్సనల్" అనే ఫోల్డర్‌లో. నా లాగిన్ సాయంత్రం ఆరుకే తీసేశారు.

రోజుకి పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే నాకు సొంత కంప్యూటర్ లేదన్న సంగతి ఆ రాత్రి, ఫోన్‌లో రెజ్యూమే మళ్లీ టైప్ చేస్తున్నప్పుడు బాగా ఎక్కింది.

మొదటిసారి సొంత డబ్బుతో ల్యాప్‌టాప్ కొంటున్నవాళ్లకి, విండోస్ వదిలి మ్యాక్‌కో లినక్స్‌కో మారదామా అని ఊగుతున్నవాళ్లకి పనికొస్తుందని, ఆ తర్వాత రెండు నెలల్లో నేను చేసిన పనులన్నీ వరసగా చెబుతున్నాను. చేసిన తప్పులతో సహా.

షోరూమ్‌లో మొదలుపెట్టడమే తప్పు

ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బులు పడగానే నేను చేసిన మొదటి పని షోరూమ్‌కి వెళ్లడం. అక్కడి అబ్బాయి ఒక ల్యాప్‌టాప్ చూపించి "ఐ7 ఉంది సార్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు. కళ్లు తెరిచి చూస్తే ఐ7 నిజమే, కానీ నాలుగు తరాల కిందటిది. ర్యామ్ 8జీబీ, అదీ మదర్‌బోర్డుకి అతికించేసింది, తర్వాత పెంచుకునే దారి లేదు. ఇంకో మోడల్ ఇంకా చౌక. ఎందుకంటే అందులో విండోసే లేదు. "మనమే వేసిస్తాం సార్, ఫ్రీ" అన్నాడు. అంటే దొంగ కాపీ. బ్యాంకు పాస్‌వర్డులు టైప్ చేయబోయే మిషన్‌లో అలాంటిది వద్దనుకుని వచ్చేశాను.

బయటికొచ్చాక అర్థమైంది, నాకేం కావాలో నాకే తెలియదని. చేతిలో ఉన్నది లక్ష రూపాయలు. వచ్చే ఉద్యోగం ఎప్పుడో తెలియదు. ఈ లక్షలో తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి ఇంకో లక్ష లేదు.

తెల్లకాగితం మీద మూడు గళ్లు

అందుకే ఒక కాగితం మీద మూడు గళ్లు గీశాను. రోజూ వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ వాటిలో ఏదో ఒక గడిలో పడేశాను.

మొదటి గడి: బ్రౌజర్‌లో నడిచేవి. మెయిల్, గూగుల్ డాక్స్, బ్యాంకింగ్, యూట్యూబ్, వీడియో కాల్స్. వీటికి ఏ ప్లాట్‌ఫామ్ అయినా ఒకటే.

రెండో గడి: అన్నిటిమీదా దొరికేవి. విజువల్ స్టూడియో కోడ్, పైథాన్, వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్, బ్లెండర్, డావిన్చీ రిజాల్వ్ లాంటివి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిమీదా ఉన్నాయి.

మూడో గడి: ఒకే ప్లాట్‌ఫామ్‌ని పట్టుకుని వేలాడేవి. మీ ల్యాప్‌టాప్‌ని నిర్ణయించేది ఈ గడే. మొదటి రెండు గళ్లలో వంద పేర్లున్నా, మూడో గడిలో ఒక్క పేరుంటే మాట దానిదే.

మీ చదువుని బట్టి, పనిని బట్టి ఈ గడి మారుతుంది. మెకానికల్ వాళ్లకి సాలిడ్‌వర్క్స్, సివిల్ వాళ్లకి రెవిట్, ఈటాబ్స్ విండోస్ మీదే నడుస్తాయి. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది కానీ విండోస్ వెర్షన్‌లో ఉన్నవన్నీ అందులో ఉండవు. బీకామ్ చదివి అకౌంట్స్‌లోకి వెళ్లేవాళ్లకి ట్యాలీప్రైమ్ విండోస్‌దే. డీప్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకి చాలా కోర్సులు కూడా ఎన్విడియా గ్రాఫిక్స్, దాని క్యుడా మీదే ఆధారపడతాయి. ఇప్పటి మ్యాక్‌లో ఎన్విడియా కార్డు ఉండదు. వాలరెంట్ ఆడేవాళ్లకి విండోస్ తప్పదు, దాని యాంటీ చీట్ మ్యాక్, లినక్స్ మీద నడవదు. దీనికి అటుపక్క ఐఫోన్ యాప్‌లు చేయాలనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ మీద తప్ప ఎక్కడా లేదు.

నేను చేసేది వెబ్ డెవలప్‌మెంట్. నా మూడో గడిలో చివరికి రెండే పేర్లు మిగిలాయి. ఒకటి ఆఫీసులో వాడిన వీపీఎన్ సాఫ్ట్‌వేర్. రెండోది తెనాలిలో నాన్న షాపు.

నాన్న షాపు, అను ఫాంట్లు

నాన్నది డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు. అక్కడి కంప్యూటర్ 2016లో కొన్నది. అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ కొత్త వెర్షన్ తేలేదు. అయినా మన ఊళ్లలో ప్రింటింగ్ షాపులు చాలావాటికి ఇప్పటికీ అదే అన్నం పెడుతోంది.

నా ప్లాన్ ఏంటంటే, కొత్త ల్యాప్‌టాప్ విండోస్‌దే కొంటే షాపు కంప్యూటర్ పోయిన రోజు అది అక్కరకొస్తుంది. లోపల మాత్రం నాలుగేళ్లుగా టీమ్‌లోవాళ్ల మ్యాక్‌లు చూసి పుట్టిన కోరిక ఒకటుంది. ఈ రెంటి మధ్య తేల్చుకోవడానికి ఫ్రెండ్ దగ్గర పాత ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ వారం రోజులకి అడిగి తీసుకుని తెనాలి రైలెక్కాను. ఆషాఢం కాబట్టి షాపులో పెద్దగా పని లేదు.

ముందుగా నాన్న ఫైళ్లలోంచి ఒక కార్డు మేటర్‌ని కాపీ చేసి మ్యాక్‌లో తెరిచాను. "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలిసిన కిచిడీ వచ్చింది. మ్యాక్‌లో లోపమేమీ లేదు. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కాదు. ఫైల్‌లో ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్లే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంట్ మాత్రమే. ఫాంట్ లేని చోట అసలు కోడ్లు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన కోడ్ ఉంటుంది కాబట్టి ఫోన్‌లో టైప్ చేసింది మ్యాక్‌లోనూ తెలుగుగానే కనిపిస్తుంది. కన్వర్టర్లతో పాత మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చొచ్చు గానీ కార్డు లేఅవుట్ అంతా మళ్లీ మొదట్నుంచి చేసుకోవాలి.

నేను తల పట్టుకుని కూర్చుంటే నాన్న టీ తాగుతూ చూస్తున్నారు.

"దీంట్లో మన ఫైళ్లు రావు నాన్నా. విండోస్‌దే కొంటాను. రేపు షాపు సిస్టమ్ పోతే నీకూ పనికొస్తుంది."

"ఇది షాపు మిషనురా. ఊళ్లో అందరి పెళ్లి కార్డులూ ఉన్నాయి దీంట్లో, నీది తప్ప. దీని సంగతి నేను చూసుకుంటా. నువ్వు నీ పనికి కొనుక్కో. ఆఫీసోళ్ల మిషన్‌లో నీవి పెట్టుకుని ఇప్పుడు ఏడుస్తున్నావా? మళ్లీ నీ మిషన్‌లో నావి పెడతానంటావేంటి?"

సమాధానం లేదు నా దగ్గర. కాగితం తీసి మూడో గడి మళ్లీ చూశాను. వీపీఎన్ పాత ఆఫీసుది. పేజ్‌మేకర్ నాన్నది. నన్ను విండోస్‌కి కట్టేస్తున్నాయనుకున్న రెండూ నావి కావు. రెండూ కొట్టేస్తే గడి ఖాళీ.

షాపు మిషన్ సంగతి వేరే చూశాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే కనీసం 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. షాపుది 6వ తరం. అందుకని దాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి కార్డుల పనికే ఉంచాం. పాత హార్డ్ డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాను, ఇంకో కాపీ బయటి డిస్క్‌లో పెట్టాను. శ్రావణం ముహూర్తాల్లో డిస్క్ పోయినా గంటలో లేపొచ్చు. దీనికైన ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో పదో వంతు కూడా లేదు.

వారం రోజుల అరువు మ్యాక్ నేర్పినవి

మారదామనుకునేవాళ్లు ఒక వారమైనా ఎవరి దగ్గరైనా అడిగి వాడి చూడండి. షోరూమ్‌లో ఐదు నిమిషాలు వేలు పెట్టి చూస్తే బాడీ నచ్చుతుంది, అంతే.

మొదటి రెండు రోజులు వేళ్లు ఏడిపిస్తాయి. కంట్రోల్ కీ చేసే పనులన్నీ ఇక్కడ కమాండ్ కీ చేస్తుంది. కాపీ చేయబోయి ఏవేవో నొక్కాను. ఫైల్ మీద ఎంటర్ కొడితే తెరుచుకోదు, పేరు మార్చమంటుంది. ఫైల్‌ని కట్ చేసి వేరే చోట పెట్టాలంటే మామూలుగా కాపీ కొట్టి, పేస్ట్ చేసేటప్పుడు ఆప్షన్ కీ కూడా కలిపి నొక్కాలి. ఎర్ర బటన్ నొక్కితే విండో పోతుంది గానీ యాప్ లోపల నడుస్తూనే ఉంటుంది. పూర్తిగా ఆపాలంటే కమాండ్, క్యూ. విండోలు స్క్రీన్ అంచుకి లాగి సగం సగం పెట్టుకునే సౌకర్యం 2024లో సెకోయా వెర్షన్‌తో గానీ సిస్టమ్‌లో రాలేదు. నాలుగో రోజుకి చేతులు సర్దుకున్నాయి.

రెండో పాఠం డిస్కులది. నా పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెడితే ఫొటోలన్నీ కనిపించాయి, ఒక్కటి కూడా కొత్తగా కాపీ అవలేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌ని మ్యాక్ చదువుతుంది, రాయదు. రెండింటిలోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవాలి. ఫార్మాట్ చేస్తే డేటా మొత్తం పోతుంది కాబట్టి ముందు వేరే చోటికి కాపీ చేసుకున్నాకే ఆ పని.

మూడోది ఫోన్. నాది ఆండ్రాయిడ్. విండోస్‌లో కేబుల్ పెడితే ఫోన్ ఒక ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. మ్యాక్‌లో అలా తెరుచుకోదు. లోకల్‌సెండ్ అనే ఫ్రీ యాప్ రెండు వైపులా వేసుకుని వైఫై మీద పంపుకోవడం నాకు అలవాటైంది. ఐఫోన్ ఉన్నవాళ్లకి ఈ బాధే లేదు.

తెలుగు టైపింగ్ సంగతి కూడా చెప్పాలి. విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ సిస్టమ్‌తోనే వస్తోంది, "అమ్మ" కావాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే చాలు. మ్యాక్‌లోనూ తెలుగు కీబోర్డులు ఉన్నాయి, కానీ ఏ అక్షరం ఏ కీ మీద ఉందో నేను కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. నాకు దానికి పది రోజులు పట్టింది.

లినక్స్ ఎందుకు వద్దనుకున్నాను

నిజానికి నా పనికి లినక్స్ సరిగ్గా సరిపోతుంది. కోడ్ చివరికి నడిచే సర్వర్లు లినక్స్‌వే. 60 వేల ల్యాప్‌టాప్ కొని అందులో ఉబుంటునో, మింటో వేసుకుంటే 40 వేలు మిగిలేవి. మీ మిషన్‌లో అది ఎలా ఉంటుందో చూడాలంటే ఏదీ చెరిపేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాన్నుంచే బూట్ చేసి వైఫై, సౌండ్, బ్లూటూత్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.

నాకు అడ్డొచ్చింది ఇంటర్వ్యూల సీజన్. కొన్ని కంపెనీల ఆన్‌లైన్ టెస్టులు విండోస్ లేదా మ్యాక్ ఉంటేనే రాయనిస్తామన్నాయి. ఉద్యోగం వెతుక్కునే టైమ్‌లో ఆ రిస్క్ తీసుకోలేను. చేతిలో ఉద్యోగం ఉండి, సరదాగా నేర్చుకుందామనుకునేవాళ్లయితే వెళ్లండి. విండోస్ తీసేయకుండానే దాని లోపల లినక్స్ నడుపుకునే డబ్ల్యూఎస్ఎల్ కూడా ఉంది, కాలేజీ వాళ్లకి అది మంచి మధ్యేమార్గం.

చిప్ మారితే ఏం మారుతుంది?

ఇప్పుడు కొనేవాళ్లు ప్లాట్‌ఫామ్‌తోపాటు చిప్ రకం కూడా చూసుకోవాలి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లది ఒక భాష. ఆపిల్ ఎం సిరీస్, క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లది ఆర్మ్ అనే ఇంకో భాష. పాత భాషలో రాసిన యాప్‌లని కొత్త చిప్ మీద నడపడానికి మ్యాక్‌లో రొజెట్టా 2, స్నాప్‌డ్రాగన్ విండోస్ ల్యాప్‌టాప్‌లలో ప్రిజమ్ అనే అనువాదకులు ఉంటాయి. మామూలు యాప్‌లకి చాలావరకు సరిపోతాయి. డ్రైవర్లని మాత్రం అవి అనువదించలేవు. అంటే ఇంట్లో పాత ప్రింటరో, డిజిటల్ సంతకం టోకెనో ఉంటే, దానికి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో కొనకముందే చూసుకోండి. ఎం సిరీస్ మ్యాక్‌లలో పాత మ్యాక్‌ల మాదిరి బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునే వీలు కూడా లేదు.

సెకండ్ హ్యాండ్‌లో 25, 30 వేలకే ఇంటెల్ మ్యాక్‌బుక్‌లు కనిపిస్తాయి, నేనూ ఆశపడ్డాను. కానీ మ్యాక్ ఓఎస్ 26 టాహోనే ఇంటెల్ మ్యాక్‌లకి చివరి వెర్షన్ అని ఆపిల్ 2025 జూన్‌లో చెప్పేసింది. వాటిలోనూ టాహో అందేది కొన్ని మోడళ్లకే. పాతది కొనాలనుకుంటే ఎం1 లేదా ఆ పైది చూడండి.

చివరికి ఏం కొన్నాను

13 అంగుళాల ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్, 16జీబీ ర్యామ్, 256జీబీ స్టోరేజ్. 2025 మార్చిలో ఇండియాలో దీని లాంచ్ ధర 99,900 రూపాయలు. కార్డు ఆఫర్ కలిసొచ్చి నాకు పదివేలకు పైగా తగ్గింది. మిగిలిన దాంతో ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ, హెచ్‌డీఎంఐ ఉన్న యూఎస్‌బీ-సీ హబ్ తీసుకున్నాను. ఈ మ్యాక్‌లో రెండు యూఎస్‌బీ-సీ పోర్టులు, హెడ్‌ఫోన్ జాక్, చార్జింగ్ పోర్టు తప్ప ఇంకేం ఉండవు. హబ్ ఖర్చు కూడా బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

మా చెల్లికి మాత్రం మ్యాక్ వద్దన్నాను. గుంటూరులో మెకానికల్ రెండో ఏడాది చదువుతోంది. దాని మూడో గడిలో సాలిడ్‌వర్క్స్ ఉంది, అది దానిదే, కొట్టేయడానికి లేదు. మార్కెట్లో దొరికే విండోస్ ల్యాప్‌టాప్‌లలో దానికోసం చూసినవి ఇవి: కొత్త తరం ప్రాసెసర్, 16జీబీ ర్యామ్, వీలైతే ఇంకో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉండటం, 512జీబీ ఎస్‌ఎస్‌డీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు, ఒరిజినల్ విండోస్. ఇంకా డిస్‌ప్లే. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది వెతకండి. సర్వీస్ సెంటర్ గుంటూరులో ఉన్న బ్రాండ్‌నే తీసుకున్నాం. రిపేరుకి ప్రతిసారీ విజయవాడో, హైదరాబాదో పరిగెత్తలేం కదా.

మారిన మొదటి నెలలో

మీరు ఏది కొన్నా మొదటి వారంలోనే చేయాల్సినవి మూడున్నాయి. ఒకటి, పాస్‌వర్డులు, ఓటీపీ యాప్‌లు కొత్తదానిలోకి పూర్తిగా వచ్చాయని చూసుకునేదాకా పాతదాన్ని ఫార్మాట్ చేయొద్దు. రెండు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ మర్చిపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు. మూడు, బ్యాకప్. మ్యాక్‌లో టైమ్ మెషిన్‌కి ఒక డిస్క్ కేటాయించి వదిలేశాను. ముఖ్యమైన డాక్యుమెంట్లు క్లౌడ్‌లో కూడా ఇంకో కాపీ ఉన్నాయి.

మూడు నెలలు వాడాక చెప్పాలంటే బ్యాటరీ, కీబోర్డు, చప్పుడు లేకపోవడం బాగా నచ్చాయి. ఫ్యాన్ లేదు కాబట్టి పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే కాసేపటికి వేడెక్కి నెమ్మదిస్తుంది. 256జీబీ సరిపోవట్లేదు. ఫొటోలు, వీడియోలు అన్నీ ఎస్‌ఎస్‌డీ మీదే. ఫైల్ మేనేజర్ విషయంలో ఇప్పటికీ విండోస్‌దే బాగుంటుందని అనిపిస్తుంది.

సెప్టెంబర్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలన్నీ ఈ మ్యాక్‌లోనే ఇచ్చాను. చేరిన మొదటి రోజు కొత్త ఆఫీసు వాళ్లు ఒక ల్యాప్‌టాప్ చేతిలో పెట్టారు. విండోస్‌దే. మంచి మిషనే, స్పెక్స్‌లో నా దానికంటే ఎక్కువే.

అందులో "పర్సనల్" అనే ఫోల్డర్ లేదు. వాళ్ల పని వాళ్ల దానిలో, నాన్న కార్డులు నాన్న దానిలో, నా రెజ్యూమే నా దానిలో ఉన్నాయి. మీరు షోరూమ్‌కి వెళ్లేముందు ఆ మూడు గళ్లు గీసి, మూడో గడిలో ఉన్న ప్రతి పేరు పక్కనా అది ఎవరి పనో కూడా రాసుకోండి.